ఓఏఈలో ‘పాస్’ అంటే బిడ్డకు వినపడుతోందని కాదు

సంపాదకులకు నమస్కారం.

పుట్టిన బిడ్డకు వినికిడి పరీక్ష చేయించడం మన ప్రసూతి ఆసుపత్రుల్లో మెల్లగా అలవాటవుతోంది. అందుకు సంతోషమే. ఆ పరీక్ష తర్వాత తల్లిదండ్రుల చేతికిచ్చే కాగితంలో ఉండే ఒక్క మాట గురించి ఈ ఉత్తరం రాస్తున్నాం. చాలాచోట్ల చేసేది ఓఏఈ (ఓటోఅకూస్టిక్ ఎమిషన్స్, అంటే లోపలి చెవి నుంచి వెనక్కి వచ్చే సన్నని ధ్వనిని పట్టే పరీక్ష) ఒక్కటే. ఫలితం బాగుంటే ‘పాస్’ అని రాస్తారు. కొన్నిచోట్ల ‘వినికిడి నార్మల్’ అని కూడా రాసేస్తారు. ఎక్కువమంది పిల్లల విషయంలో అది నిజమే అవుతుంది. అయితే ఆ సంగతి చెప్పే శక్తి ఆ పరీక్షకు లేదు. పూర్తిగా వినపడని బిడ్డ కూడా ఓఏఈలో చక్కగా పాసయ్యే సందర్భాలున్నాయి. ఎందుకలా అవుతుందో తెలియాలంటే లోపలి చెవి కణాల్లో ఏ ప్రొటీన్ దేనితో చేతులు కలుపుతుందో కొంచెం చూడాలి.

నత్తగుల్లలా చుట్టుకున్న కాక్లియాలో శబ్దాన్ని పట్టే రోమకణాలు రెండు రకాలు. ఒక్కో చెవిలో లోపలి రోమకణాలు సుమారు 3,500, ఒకే వరసలో ఉంటాయి. బయటి రోమకణాలు సుమారు 12,000, మూడు వరసల్లో ఉంటాయి. పుట్టుకతో వచ్చినవే జీవితాంతం. పోయినవి మనిషిలో మళ్లీ మొలవవు. పేరు ఒకటే అయినా రెండింటి పనులు వేరు. మెదడుకు కబురు పంపేవి లోపలివి. శ్రవణనాడి పోగుల్లో నూటికి తొంభైకి పైగా వాటికే అంటుకుని ఉంటాయి. బయటివి శబ్దాన్ని పెంచే పనిలో ఉంటాయి. వాటి పక్కగోడల పొరలో ప్రెస్టిన్ అనే ప్రొటీన్ కిక్కిరిసి ఉంటుంది. 2000లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో పీటర్ డాలోస్ బృందం దాన్ని గుర్తించింది. కణంలో వోల్టేజీ మారినప్పుడల్లా ప్రెస్టిన్ ముడుచుకుంటుంది, విచ్చుకుంటుంది. దానితోపాటు కణం మొత్తం పొట్టిదవుతూ పొడుగవుతూ సెకనుకు వేలసార్లు ఆడుతుంది. ఈ ఆట వల్ల సన్నని శబ్దాలకు 40 నుంచి 60 డెసిబెల్స్ దాకా బలం వస్తుంది.

ఆ కదలికలో కొంత వెనుదిరిగి, మధ్యచెవి మీదుగా, చెవి రంధ్రంలోకి చాలా సన్నని ధ్వనిగా బయటికొస్తుంది. 1978లో లండన్‌లో డేవిడ్ కెంప్ దాన్ని మైక్రోఫోన్‌తో పట్టి చూపించాడు. ఓఏఈ యంత్రం వినేది ఈ ధ్వనినే. అంటే అది పరీక్షించేది బయటి రోమకణాలను, వాటిలోని ప్రెస్టిన్ పనితనాన్ని. లోపలి రోమకణం నాడికి కబురు అందించిందా, నాడి దాన్ని మెదడుకు చేర్చిందా అన్నది ఆ యంత్రానికి తెలిసే దారే లేదు.

ఇక శబ్దం కణంలోకి ప్రవేశించే చోటు. రోమకణం తలమీద మెట్లమెట్లుగా పేర్చినట్టు స్టీరియోసీలియా అనే పోగులుంటాయి. పొట్టి పోగు కొన నుంచి వెనకనున్న పొడుగు పోగు పక్కకు ఒక సన్నని తీగ కట్టి ఉంటుంది. పేరు టిప్ లింక్. పొడవు మిల్లీమీటరులో ఆరువేల ఐదొందలో వంతు, అంటే సుమారు 150 నానోమీటర్లు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో 1984లోనే కనిపించినా, అది దేనితో తయారైందో తేలడానికి 2007 దాకా పట్టింది. తీగ పైభాగం కాడ్హెరిన్-23 జత. కిందిభాగం ప్రోటోకాడ్హెరిన్-15 జత. మొదటిది 27 పూసలు గుచ్చిన దండ లాంటిది, రెండోదానికి 11 పూసలు. ఈ రెండు దండలూ కొనల దగ్గర, చివరి రెండేసి పూసలతో, ఒకరి మణికట్టును మరొకరు పట్టుకున్నట్టు పెనవేసుకుంటాయి. ఆ పట్టు ఆకారం 2012లో తేటతెల్లమైంది.

పూసకూ పూసకూ మధ్య కాల్షియం అయాన్లుంటాయి. దండ బిర్రుగా నిలబడేది వాటివల్లే. ప్రయోగశాలలో కణం చుట్టూ ఉన్న కాల్షియాన్ని లాగేస్తే టిప్ లింకులు వెంటనే తెగిపోతాయి, కణం శబ్దానికి స్పందించడం మానేస్తుంది. కణం బతికుంటే ఒకటి రెండు రోజుల్లో మళ్లీ కట్టుకుంటాయి. ఇక్కడ చెప్పుకోవలసిన విశేషం ఒకటుంది. ఈ తీగలు మునిగి ఉండే ఎండోలింఫ్ ద్రవంలో కాల్షియం చాలా తక్కువ, రక్తంలో ఉన్నదానితో పోలిస్తే ఏ పదోవంతో కూడా కాదు. అందుకే కాల్షియాన్ని పట్టుకునే చోట ఒక్క అమైనో ఆమ్లం మారినా పట్టు సడలిపోతుంది.

తీగ పైకొనను లోపలినుంచి బిగించి ఉంచేవి హార్మోనిన్, శాన్స్, మయోసిన్-7ఏ. కిందికొన దగ్గర ప్రోటోకాడ్హెరిన్-15తో ఎల్‌హెచ్‌ఎఫ్‌పీఎల్5, టీఎంఐఈ, సీఐబీ2 అనే ప్రొటీన్లు కలిసి, టీఎంసీ1 అనే ద్వారాన్ని పట్టుకుని ఉంటాయి. శబ్దం వచ్చి పోగుల కట్ట పొడుగువైపు ఒరగగానే తీగ లాగుతుంది, ద్వారం తెరుచుకుంటుంది, బయటి ద్రవంలోని పొటాషియం లోపలికి దూకుతుంది. ఎండోలింఫ్ దాదాపు 80 మిల్లీవోల్టుల ధన విద్యుత్తుతో ఉంటుంది, కణం లోపల రుణం. అందుకే ఆ దూకుడు. ఈ గొలుసులో ఏ ఒక్క కొక్కెం ఊడినా మిగతావన్నీ ఉండి లాభం లేదు. అందువల్లే వేరువేరు క్రోమోజోముల మీదున్న వేరువేరు జన్యువులు చెడినా ఒకే రకం చెవుడు వస్తుంది.

మన విషయానికి కావలసిన కీలకం ఇక్కడుంది. ఇంతవరకు చెప్పిన ఏర్పాటు బయటి రోమకణానికీ లోపలి రోమకణానికీ ఉమ్మడి. టిప్ లింక్ తెగినా, టీఎంసీ1 పనిచేయకపోయినా బయటి కణంలో వోల్టేజీ మారదు, ప్రెస్టిన్‌కు ఆజ్ఞ అందదు, ధ్వని వెనక్కి రాదు. ఓఏఈ తప్పుతుంది. కాబట్టి ఈ ప్రొటీన్ల లోపంతో పుట్టిన బిడ్డను ఓఏఈ పట్టేస్తుంది. మన దేశంలో పుట్టుచెవుడుకు ముఖ్య కారణాల్లో ఒకటైన జీజేబీ2 జన్యులోపాన్నీ పట్టేస్తుంది. ఆ జన్యువు చేసే కనెక్సిన్-26 రోమకణాల్లో కాక వాటికి ఆసరాగా ఉండే కణాల్లో ఉన్నా, దాని లోపం రెండు రకాల రోమకణాలకూ తగులుతుంది.

ఓఏఈ తప్పి, తర్వాత చెవుడు ఖాయమైన పిల్లల విషయంలో ఒక మాట. మెడ నిలపడం, కూర్చోవడం ఆలస్యమై, ఏడాదిన్నర దాటినా నడక రాకపోతే అది కాళ్ల బలహీనతే అనుకోవద్దు. కాడ్హెరిన్-23, ప్రోటోకాడ్హెరిన్-15, హార్మోనిన్, శాన్స్, మయోసిన్-7ఏ లోపలి చెవిలోని సమతుల్యత అవయవాల్లోనూ, కంటి రెటీనాలోనూ పనిచేస్తాయి. వీటిలో ఏది పూర్తిగా చెడినా వచ్చేది మొదటి రకం అషర్ సిండ్రోమ్: పుట్టుచెవుడు, ఆలస్యపు నడక, పదేళ్ల వయసు చుట్టుపక్కల మొదలయ్యే రేచీకటి, ఆపైన కుంచించుకుపోయే చూపు. ఈ పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ (శ్రవణనాడిని విద్యుత్తుతో నేరుగా తట్టేలా లోపలి చెవిలో అమర్చే పరికరం) ఎంత త్వరగా చేస్తే అంత మేలు. ముందుముందు పెదవుల కదలిక చూసీ, సైగలు చూసీ అర్థం చేసుకునే వీలు వాళ్లకు తగ్గిపోతుంది. చెవుడున్న ప్రతి బిడ్డనూ ఒకసారి కంటి డాక్టరుకు చూపించాలని చెప్పేది ఇందుకే.

ఇప్పుడు దారి చీలే చోటికి వద్దాం. పొటాషియం లోపలికి వచ్చాక బయటి కణం ఆడుతుంది. లోపలి కణం మాత్రం తన అడుగున కాల్షియం ద్వారాలు తెరుస్తుంది. అక్కడ గ్లూటమేట్ అనే, నాడికి కబురు మోసే రసాయనాన్ని నింపుకున్న సన్నని సంచులు వరసకట్టి సిద్ధంగా ఉంటాయి. కాల్షియం వచ్చిందని గుర్తించి, సంచి కణపు పొరతో కలిసిపోయి గ్లూటమేట్‌ను నాడి మీదకు వదిలేలా చేసేది ఒటోఫెర్లిన్ అనే ప్రొటీన్. ఖాళీ అయిన చోటికి కొత్త సంచులు వచ్చి చేరడానికీ అది కావాలి. 1999లో పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు ఈ జన్యువును గుర్తించారు. ఒటోఫెర్లిన్ లేని ఎలుకల్లో కాల్షియం మామూలుగానే లోపలికి వస్తుంది, సంచులూ ఉంటాయి, కానీ విడుదల దాదాపు శూన్యమని 2006లో తేలింది.

తల్లినుంచీ తండ్రినుంచీ వచ్చిన రెండు ప్రతుల్లోనూ ఈ జన్యువు చెడిన బిడ్డ చెవిలో ఏం జరుగుతుందో చూడండి. టిప్ లింకులు బాగున్నాయి, టీఎంసీ1 బాగుంది, ప్రెస్టిన్ బాగుంది. బయటి కణాలు హాయిగా ఆడుతున్నాయి. ఓఏఈ ‘పాస్’. నాడికి మాత్రం ఒక్క కబురూ అందదు. తుపాకీ పేల్చినా వినపడని స్థాయి చెవుడు, చేతిలో ‘వినికిడి నార్మల్’ కాగితం. ఆ కాగితం ఉండబట్టే ఇంట్లో అనుమానం రాదు. ‘మగపిల్లలు ఆలస్యంగానే మాట్లాడతారు’, ‘వాళ్ల నాన్న కూడా మూడేళ్లకే మాట్లాడాడు’ అంటూ రెండేళ్లు గడిచిపోతాయి. పళ్లెం మోగించి చూస్తే తిరిగాడంటారు. పళ్లేన్నో, మోగించే చేతినో కంటి చివరితో చూసి తిరగడం, నేల అదురు తెలిసి తిరగడం కూడా జరుగుతుంది. భాష నేర్చుకునే మెదడు అప్పటికి బంగారంలాంటి కాలం పోగొట్టుకుంటుంది.

ఈ జన్యువులో కొన్ని మార్పులు విచిత్రంగా ఉంటాయి. బిడ్డకు మామూలు రోజుల్లో కొంత వినపడుతుంది; జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటితే వినికిడి మాయమవుతుంది; జ్వరం తగ్గాక తిరిగొస్తుంది. మారిన ప్రొటీన్ మడత వేడికి నిలవకపోవడమే కారణం. ‘జ్వరమొస్తే పిలిచినా పలకడం లేదు’ అని తల్లి చెబితే నీరసమని కొట్టిపారేయకుండా, జ్వరం ఉన్నప్పుడే ఒకసారి పరీక్ష చేయాలి.

ఒటోఫెర్లిన్ లోపం అరుదేననీ దానికోసం ఇంత గొడవ ఎందుకనీ ఎవరైనా అనొచ్చు. కానీ ‘ఓఏఈ ఉంది, నాడి స్పందన లేదు’ అనే స్థితికి అదొక్కటే కారణం కాదు. దీన్ని ఆడిటరీ న్యూరోపతి అంటారు. శాశ్వత వినికిడి లోపమున్న పిల్లల్లో పదోవంతు దాకా ఈ కోవకు చెందవచ్చని అంచనా. మన ఎన్‌ఐసీయూల్లో (నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్ విభాగాల్లో) రోజూ చూసే కారణం తీవ్రమైన కామెర్లు. కామెర్లకు కారణమైన బిలిరుబిన్ రక్తంలో ఎక్కువైతే ముందుగా దెబ్బతినేది శ్రవణనాడి, మెదడు కాండంలోని శ్రవణ కేంద్రాలు. రోమకణాలు చాలావరకు బాగానే ఉంటాయి. నెలలు నిండకుండా పుట్టడం, పుట్టగానే ఊపిరాడకపోవడం కూడా ఇదే జాబితాలోకి వస్తాయి. రక్తమార్పిడి స్థాయికి వెళ్లిన కామెర్ల బిడ్డకు ఓఏఈ మాత్రమే చేసి ‘పాస్’ అని పంపేయడమంటే పరీక్ష చేయనట్టే. ఎన్‌ఐసీయూలో ఐదు రోజులకు మించి ఉన్న బిడ్డకు తొలి పరీక్షే బేరా (శబ్దానికి నాడి, మెదడు కాండం ఇచ్చే స్పందనను నమోదు చేసే పరీక్ష) కావాలన్నది అంతర్జాతీయంగా ఎప్పటినుంచో ఉన్న నియమం.

బేరా పరీక్షలో నుదుటి మీద, చెవుల వెనక ఎలక్ట్రోడ్లు అంటించి, చెవిలో క్లిక్ శబ్దాలు వినిపించి, నాడి నుంచీ మెదడు కాండం నుంచీ వచ్చే విద్యుత్ తరంగాలను నమోదు చేస్తారు. స్క్రీనింగ్‌కు 35 డెసిబెల్స్ దగ్గర స్పందన ఉందో లేదో చెప్పే ఆటోమేటిక్ యంత్రాలున్నాయి. అందులో తప్పితే పూర్తి బేరా చేయాలి. పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఆ పూర్తి పరీక్షలోనే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాం.

బిడ్డ పాలుతాగి సహజంగా నిద్రపోయాక చేయడం మంచిది. కదిలితే, ఏడిస్తే కండరాల విద్యుత్తు తరంగాలను ముంచేస్తుంది. చర్మాన్ని జెల్‌తో బాగా తుడిచి, ఎలక్ట్రోడ్ల నిరోధం 5 కిలో ఓమ్‌లకు లోపల, అన్నింటికీ దగ్గరదగ్గరగా ఉండేలా చూసుకోవాలి. తర్వాతిది ముఖ్యం. యంత్రాల్లో మామూలుగా ఆల్టర్నేటింగ్ పొలారిటీ పెట్టి ఉంటుంది. అంటే ఒక క్లిక్ కర్ణభేరిని లోపలికి నెడితే తర్వాతిది బయటికి లాగుతుంది. దీనివల్ల రికార్డు శుభ్రంగా వస్తుంది. కానీ రోమకణాలనుంచి వచ్చే కాక్లియర్ మైక్రోఫోనిక్ అనే సంకేతం క్లిక్‌తోపాటే తలకిందులవుతుంది కాబట్టి సగటులో కొట్టుకుపోతుంది. కాగితం మీద మిగిలేది చదునైన గీత. రిపోర్టులో ‘రెండు చెవులా తీవ్ర వినికిడి లోపం’ అని రాస్తారు. న్యూరోపతి అన్న మాటే బయటపడదు.

కాబట్టి 80–90 డెసిబెల్స్‌లో తరంగాలు కనిపించకపోతే, బయటికి లాగే రేర్‌ఫాక్షన్ క్లిక్‌లతో ఒకసారి, లోపలికి నెట్టే కండెన్సేషన్ క్లిక్‌లతో ఒకసారి విడివిడిగా రికార్డు చేసి ఒకదాని మీద ఒకటి పెట్టి చూడాలి. మొదటి ఒకటి రెండు మిల్లీసెకన్లలో గీతలు అద్దంలో ప్రతిబింబంలా తలకిందులైతే రోమకణాలు బతికున్నాయన్నమాట. అది యంత్రం నుంచి వచ్చిన అబద్ధపు సంకేతమేమో తేల్చుకోవడానికి చెవి రంధ్రంలో దూర్చే ఇన్సర్ట్ ఇయర్‌ఫోన్ గొట్టాన్ని క్లిప్‌తో నొక్కి మరోసారి రికార్డు చేయాలి. శబ్దం ఆగితే నిజమైన మైక్రోఫోనిక్ మాయమవుతుంది, అబద్ధపుదైతే అలాగే ఉంటుంది. ఐదు నిమిషాల పని. మామూలు హెడ్‌ఫోన్‌తో ఈ తేడా తేలదు.

ఓఏఈ ఉంది కదా, మైక్రోఫోనిక్ ఎందుకు అంటారేమో. మధ్యచెవిలో ద్రవం చేరితే ఓఏఈ రాదు, శబ్దం లోపలికి వెళ్లి మళ్లీ బయటికి రావాలి కాబట్టి. న్యూరోపతి ఉన్న పిల్లల్లో వయసు పెరిగేకొద్దీ ఓఏఈ తనంతట తానే పోవడం కూడా ఉంది. మూడేళ్లకు తొలిసారి వచ్చిన బిడ్డలో ఓఏఈ లేదని న్యూరోపతిని కొట్టిపారేయలేం. మధ్యచెవిని చూసే టింపనోమెట్రీ కూడా ఆరు నెలల లోపు పిల్లలకు 1000 హెర్ట్జ్ ప్రోబ్ టోన్‌తో చేయాలి. పెద్దలకు వాడే 226 హెర్ట్జ్‌తో చేస్తే పసిపిల్లల మెత్తని చెవి గోడలే కదిలి, ద్రవం ఉన్నా బాగుందని చూపిస్తుంది.

ఓఏఈని తీసిపారేయమని మేము అనడం లేదు. నిమిషాల్లో అవుతుంది, ఖర్చు తక్కువ, ఎక్కువమందిని పడుతుంది. పుట్టిన మొదటిరోజే చేస్తే చెవి రంధ్రంలోని తెల్లటి పూత వల్ల, ద్రవం వల్ల అనవసరంగా ‘ఫెయిల్’ వస్తుంది. 24 గంటలు, వీలైతే 48 గంటలు దాటాక చేస్తే సరిపోతుంది.

న్యూరోపతి అని తేలాక ఏమిటన్నది కారణాన్ని బట్టి ఉంటుంది. కామెర్ల వల్ల వచ్చినదైతే కొందరు పిల్లల్లో నెలలు గడిచేసరికి బేరా కొంత కోలుకుంటుంది. అందుకే మళ్లీ మళ్లీ పరీక్షించాలి, ఇంప్లాంట్ నిర్ణయానికి తొందరపడకూడదు. ఒటోఫెర్లిన్ లోపమని జన్యుపరీక్షలో తేలితే అలా ఎదురుచూడటం వృథా. హియరింగ్ ఎయిడ్ శబ్దాన్ని పెంచగలదే కానీ తెరుచుకోని సంచిని తెరవలేదు. కాక్లియర్ ఇంప్లాంట్ మాత్రం వాళ్లకు బాగా పనిచేస్తుంది. చెడిన చోటును దాటేసి నాడినే నేరుగా తడుతుంది, ఆ నాడి ఆరోగ్యంగానే ఉంటుంది. ఒకే బేరా గీత, రెండు వేరు నిర్ణయాలు. అందుకే న్యూరోపతి తేలిన ప్రతి బిడ్డకూ జన్యుపరీక్ష కావాలంటున్నాం.

జన్యుచికిత్స వార్తలు చదివి ఆశపడుతున్న తల్లిదండ్రులకు రెండు సంగతులు. ఒటోఫెర్లిన్ జన్యువు సందేశం దాదాపు 6,000 అక్షరాలు. దాన్ని మోసుకెళ్లే ఏఏవీ వైరస్‌లో పట్టేది సుమారు 4,700. అందుకని రెండు ముక్కలు చేసి రెండు వైరస్‌లలో పంపితే కణంలో అతుక్కుని పూర్తి ప్రొటీన్ తయారవుతుంది. షాంఘైలోని ఫుడాన్ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో ఆరుగురు పిల్లలకు ఇలా చేస్తే ఐదుగురికి వినికిడి మెరుగుపడిందని 2024 జనవరిలో ప్రకటించారు. నిజంగా గొప్ప విజయం. కానీ ఆ చికిత్స ఒటోఫెర్లిన్ లోపానికే. జీజేబీ2కి కాదు, అషర్‌కు కాదు, కామెర్ల చెవుడుకు కాదు. పైగా ఒకసారి వైరస్ ఇచ్చాక శరీరం ప్రతిరక్షకాలు తయారుచేసుకుంటుంది కాబట్టి, కొన్నాళ్లాగి రెండో చెవికి ఇవ్వడం కష్టం. దానికోసం ఎదురుచూస్తూ ఇంప్లాంట్‌ను ఏళ్లపాటు వాయిదా వేస్తే భాష చేజారుతుంది.

మన రెండు రాష్ట్రాల్లో ఈ విషయానికి ఇంకో ప్రాముఖ్యం ఉంది. ఇలాంటి లోపాలు చాలావరకు రెండు ప్రతులూ చెడితేనే బయటపడేవి. ఒక్కో చెడిన ప్రతి మోస్తున్న తల్లిదండ్రులకు పుట్టే ప్రతి బిడ్డకూ 25 శాతం అవకాశం. మేనరికాల్లో ఒకే తాతనుంచో అమ్మమ్మనుంచో వచ్చిన చెడిన ప్రతే రెండువైపులనుంచీ బిడ్డలో కలిసే వీలెక్కువ. మేనమామ, మేనకోడలు దంపతులైతే బిడ్డలో ఏదైనా ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే మూలానివయ్యే అవకాశం ఎనిమిదింట ఒకటి. మేనబావ, మరదలు అయితే పదహారింట ఒకటి. ఇది ఎవరినీ తప్పుపట్టడానికి చెప్పడం లేదు. మేనరికం జరిగిన ఇంట్లో, చెవుడున్న బిడ్డ ఇప్పటికే ఉన్న ఇంట్లో పుట్టిన శిశువుకు ఓఏఈతోపాటు బేరా కూడా చేయించాలని చెప్పడానికే.

2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) పరిధిలో పుట్టుచెవుడు కూడా ఉంది. ఆ పథకం కింది జిల్లా డీఈఐసీల్లో (పిల్లల లోపాలను తొలిదశలోనే గుర్తించి సాయపడే కేంద్రాల్లో) ఆడియాలజిస్టు కొలువుంది. సికింద్రాబాద్‌లో వినికిడి లోపాల కోసం పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం, హైదరాబాద్ కోఠిలోనూ విశాఖపట్నంలోనూ ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రులు ఉన్నాయి. కొత్తగా ఏదో కట్టమని మేము అడగడం లేదు. ప్రసూతి ఆసుపత్రులు డిశ్చార్జి కాగితంలో ‘వినికిడి నార్మల్’ అన్న మాట తీసేసి మూడు గడులు పెట్టాలి: మొదటిది ఓఏఈ (కుడి ఎడమ విడివిడిగా); రెండోది బేరా (చేసినదీ చేయనిదీ); మూడోది ఎన్‌ఐసీయూ రోజులు, కామెర్లు, మేనరికం వంటి ముప్పు కారణాలు. మూడో గడిలో ఏ ఒక్కటి ఉన్నా, రెండో గడి ఖాళీగా ఉంటే, బిడ్డకు మూడు నెలలు నిండేలోపు బేరాకు రావలసిన తేదీ అదే కాగితం మీద, తల్లికి అర్థమయ్యే తెలుగులో రాసి ఇవ్వాలి.

ఇట్లు,
పసిపిల్లల వినికిడి పరీక్షలు చేసే కొందరు ఆడియాలజిస్టులు,
విశాఖపట్నం